తోక లేని చీటీ

ఆ చీటీ మూడోసారి తిరిగొచ్చింది. సోమవారం ఉదయం కోటు విప్పి కొక్కేనికి తగిలించేలోపే హెట్టీ నట్టల్ కంటపడింది. టేపు యంత్రానికి ఆనించి, మరీ నిలబెట్టి ఉంచారు. దాని మూల మీద ఎర్ర పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం, పక్కనే "తోక ఏది?" అని రెండు మాటలు.

"నా తలకాయ," అంది హెట్టీ, గదిలో ఎవరూ లేకపోయినా.

ఆమెకు అరవై రెండేళ్లు. అందులో నలభై నాలుగేళ్లు నెల్సన్ అనే మిల్లుల ఊళ్లో మరమగ్గాల మధ్య నిలబడే గడిచిపోయాయి. పద్నాలుగో ఏట నేత షెడ్డులోకి అడుగుపెట్టింది. మిల్లుకు తాళం వేసిన నాడు బయటికొచ్చింది. ఒక్క చూపుతో ఆరు మగ్గాలు కనిపెట్టి, ఏ మగ్గం మీద పోగు తెగబోతోందో తెగకముందే చెప్పగల మనిషి. ఆ మోతకు చెవులు సగం పోయాయి. సగం చెవిటి మనిషిని కూర్చోబెట్టి టేపులు వినిపించి రాయించుకునే విశ్వవిద్యాలయం భూమ్మీద ఇదొక్కటే అయి ఉంటుందని తనే అందరికీ చెప్పుకుని నవ్వేది.

ఆ పనిలోకి ఆమెను లాగింది వెస్ట్‌కాట్ అనే కుర్ర లెక్చరరు. ఆ దేశపు దక్షిణాది వాడు. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దగ్గర తోలు అతికించిన స్వెట్టరుతో ఎప్పుడూ చలికి ముడుచుకుపోయి కనిపించేవాడు. మూతపడ్డ మిల్లుల నేతగత్తెలు ఎలా మాట్లాడుకుంటారో టేపుల్లోకి ఎక్కించాలని వచ్చాడు. ఎక్కించాడు కూడా. తీరా చూస్తే ఆయన దగ్గర చదువుకున్న వాళ్లెవరికీ ఆ మాటలు అర్థం కాలేదు. అందుకని హెట్టీకి ఒక బల్ల, చెవులకు పెట్టుకునే యంత్రం, టేపును నడపడానికీ ఆపడానికీ కాలికింద ఒక పెడలు ఇచ్చారు. వారానికి మూడు రోజులు బస్సెక్కి వెళ్లి, తన ఈడు ఆడవాళ్ల కబుర్లన్నీ విని రాసేది.

రాయడమంటే కథలు రాయడం కాదు. వెస్ట్‌కాట్‌కు ఆ కథలు అక్కర్లేదు. ఎవరి మొగుడు ఎవరితో వెళ్లిపోయాడో, ఏ ఫోర్‌మాన్ ఎవరి చెయ్యి పట్టుకుని చెంపదెబ్బ తిన్నాడో, అదంతా ఆయనకు పొట్టు. ఆయనకు కావలసింది ఒకే రకం వాక్యం. పని అయిపోయినట్టు కాక, జరుగుతూ ఉన్నట్టు చెప్పాలి. ఆ వెంటనే నన్ను, వాణ్ణి, దాన్ని అనే చిన్న మాట ఒకటి రావాలి. దాని వెనక ఎక్కడికో, ఎక్కణ్ణుంచో, దేని మీదో తెలియాలి. ప్రతి చీటీ మీద మూడు గళ్లు. మొదటి దాంట్లో పని, రెండో దాంట్లో చిన్న మాట, మూడో దాంట్లో తోక. తోక అన్న పేరు హెట్టీయే పెట్టింది. ఆయన దానికి ఏదో బారెడు పేరు చెప్పేవాడు గానీ ఆమె నోట అది పలకలేదు. ఆయనే దిగివచ్చి తోక అనడం నేర్చుకున్నాడు.

ఎంత పిచ్చి పని! నేత షెడ్డులో ఒకర్నొకరు ఎలా బతికించుకున్నారో చెబుతుంటే, ఈయన అందులోంచి "విసురుతోంది, దాన్ని, వాడి మీదికి" అని మూడు ముక్కలు ఏరుకుని మిగతా మనుషులందర్నీ పారబోస్తాడు. కందిపప్పులో రాళ్లు ఏరి, రాళ్లు దాచుకుని పప్పు పారేసినట్టు. ఈ ముక్క హెట్టీ ఆయన ముఖం మీదే అడిగింది. ఆయన నొచ్చుకోలేదు. పైగా దాన్ని కూడా రాసుకున్నాడు.

ఆ సోమవారం ఆమె ఇంకా కూర్చోకముందే ఆయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మిసెస్ నట్టల్, కోప్పడకండి. పని ఉంది, 'లాగుతోంది.' చిన్న మాట ఉంది, 'నన్ను.' మూడో గడి ఖాళీ."

"ఆవిడ చెప్పలేదు నాయనా. చెప్పని మాట నేనెక్కణ్ణుంచి తేను?"

"అలా కాదండీ. వాక్యం అయిపోతే గొంతు కిందికి దిగుతుంది. ఇక్కడ గొంతు పైనే ఉండిపోయింది. అంటే ఇంకేదో రావాలి."

"పైకెళ్లి ఉండిపోడానికి అదేమన్నా లిఫ్టా?"

"రాత్రంతా ఆలోచించానండీ..."

"పెళ్లి చేసుకోండి బాబూ. రాత్రిళ్లు ఆలోచించుకోడానికి వేరే సంగతులు ఉంటాయి."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు. "గట్టిగా వినపడేలా ఆ ముక్క ఒక్కటీ వేరే టేపు మీదికి ఎక్కించాను. ఒక్కసారి వినండి. ఈసారీ ఏమీ లేదంటే ఇంక అడగను."

ఆ సంగతేదో తేల్చేస్తే పీడ విరగడవుతుందని హెట్టీ చెవులకు యంత్రం తగిలించుకుని పెడలు తొక్కింది.

అది హెట్టీ వంటింట్లోనే ఎక్కించిన టేపు. మాట్లాడుతున్నది ఆల్మా షాకిల్టన్. ఇరవై తొమ్మిదేళ్లు హెట్టీ పక్క మగ్గాల మీద నిలబడ్డ మనిషి. ఫిబ్రవరి ఆఖరి గురువారం వెస్ట్‌కాట్ యంత్రాన్ని బల్ల మీద పెట్టి, తాను అక్కడుంటే ఆడవాళ్లు నోరు విప్పరని ముందు గదిలోకి వెళ్లి, హెట్టీ పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వంటింట్లో వీళ్లిద్దరే. గంటన్నర కబుర్లు. ఆ చివర్లో ఆల్మా అంటుంది, "లాగుతానే ఉందే నన్ను, పొద్దస్తమానం..." అంతే. తరవాత తొమ్మిది సెకన్లు గోడ గడియారం చప్పుడు, కప్పులోకి టీ పడుతున్న చప్పుడు. ఆ తరవాత హెట్టీ గొంతే, "ఇంకో చెంచా చక్కెర వెయ్యనా?"

ఈ తొమ్మిది సెకన్ల దగ్గర "మౌనం" అని మూడుసార్లు రాసిచ్చింది హెట్టీ. టీ తాగడానికి ఆగిందనుకుంది. ఇప్పుడు శబ్దం పెద్దది చేసి వింటుంటే, టీ ధార వెనకాల ఇంకొకటి వినబడింది. టిక్. టిక్ టిక్. మళ్లీ టిక్.

హెట్టీ కాలు పెడలు మీద బిగుసుకుపోయింది. ఆల్మా కింది కట్టుడు పళ్లు వదులు. పలికేటప్పుడు ఆ చప్పుడు మాటలో కలిసిపోతుంది. గొంతు లేకుండా పెదవులతో మాట్లాడేటప్పుడే అవి అలా టిక్కుమంటాయి.

ఇక్కడి నేతగత్తెలకు రెండు నోళ్లు. మూడు నాలుగు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే అరిచినా పక్కదానికి వినపడదు. అందుకని గొంతు మానేసి, పెదవుల్నీ దవడల్నీ సాగదీసి, కనుబొమలు ఎగరేసి, మొహం మొత్తంతో మాట్లాడుకునేవారు. మీమా అంటారు దాన్ని. షెడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి, ఫోర్‌మాన్‌కు తెలియకుండా, ఒక పెళ్లి కుదిర్చి తాంబూలాలు కూడా పుచ్చుకోగలరు. దానికి ఒకటే నియమం. ముందు అవతలి మనిషి కన్ను పట్టాలి. చెయ్యి ఊపాలి, లేదంటే ఇంత దూది పీచు ఉండ చేసి విసరాలి. ఆమె తలెత్తి చూశాకే మొదలుపెట్టాలి. చూడని మనిషికి చెప్పడమంటే గోడకు చెప్పడమే. పద్నాలుగేళ్ల పిల్లకు మగ్గం ముట్టుకోవడానికి ముందు నేర్పేది ఇదే.

మిల్లు అలవాటు ఇంటికీ వచ్చేసింది. రోగాలు, గర్భాలు, పడగ్గది సంగతులు ఎవరూ గొంతుతో చెప్పుకోరు. ఉత్త వంటింట్లో, మూడో మనిషి లేకపోయినా సరే, వాక్యం అంతా గొంతుతో నడిపి అసలు మాట దగ్గరికి రాగానే పెదవుల్లోకి దిగిపోతారు. అందులోనూ వాళ్ల భాష కూడా వాళ్లకు కలిసొచ్చింది. మనమైతే మోకాలు లాగుతోంది, నడుం లాగుతోంది అని చోటుతోనే మొదలుపెడతాం. చోటు దాటకుండా నొప్పి దాకా రాలేం. వాళ్లు ముందు లాగుతోందంటారు, తరవాత నన్ను అంటారు, ఎక్కడన్నది ఆఖరున చెబుతారు. దాచుకోవాలనుకున్న మనిషికి ఆ ఆఖరు చాలా అనువు.

హెట్టీ మళ్లీ విన్నది. మళ్లీ విన్నది. లాగుతానే ఉందే నన్ను, పొద్దస్తమానం. టిక్. టిక్ టిక్. టిక్. ఆల్మా ఏదో చెప్పింది. పెదవులతో చెప్పిందంటే జలుబు సంగతి కాదు. తనేమో ఆ సమయంలో తల వంచుకుని టీ పోస్తోంది. చెప్పడం అయిపోయాక తలెత్తి చక్కెర కావాలా అని అడిగింది.

అప్పుడు మిగతాదంతా ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడింది. మిల్లు మూతపడ్డప్పటి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం ఇద్దరూ కలిసి మార్కెట్టుకు వెళ్లి, వెనిగర్ పోసిన నల్ల బఠాణీలు తింటూ ఊరందర్నీ ఉతికి ఆరేసేవారు. ఆ టేపు రోజు తరవాత ఐదు గురువారాలు ఆల్మా రాలేదు. ఒకసారి పరదాలు ఉతకాలంది. ఒకసారి చెల్లెలి కూతురు వస్తోందంది. ఒకసారి మోకాలంది. ఆ రోజు ఆల్మా చేసుకొచ్చిన పార్కిన్ కేకు తిని "కాస్త ఎండిపోయిందే" అన్నందుకు మూతి ముడుచుకుందని హెట్టీ అనుకుంది. అరవై దాటాక ఓట్స్ పిండి కేకు కోసం అలిగే మనిషిని ఎవరు బతిమాలతారు? తనూ బిగదీసుకుంది. ఐదు వారాలు.

ఆమె యంత్రం లాగి బల్ల మీద పడేసి లేచింది.

"దొరికిందా?" అన్నాడు వెస్ట్‌కాట్ ఆశగా.

"నేను ఇంటికెళ్తున్నా."

"మరి తోక?"

"మీ తోకను తీసుకెళ్లి..." అని, ఎక్కడికి తీసుకెళ్లాలో మాత్రం పెదవులతోనే చెప్పి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

* * *

బస్సు ప్రతి గొర్రెనూ పలకరిస్తున్నట్టు ఆగుతూ ఆగుతూ నడిచింది. డ్రైవరు దిగి ఎవరితోనో ఫుట్‌బాల్ గురించి మాట్లాడాడు. హెట్టీ అద్దం మీద ఉంగరంతో కొట్టింది. ఇదేం అంబులెన్సు కాదమ్మా అన్నాడు అతను. అయ్యుంటే బాగుండేదని హెట్టీకి అప్పుడే మొదటిసారి తట్టింది.

హెట్టీ తిన్నగా ఆల్మా ఇంటికి వెళ్లేసరికి ఆమె వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని గుమ్మం మెట్టు రుద్దుతోంది. వీధి మొత్తంలో ఇంకా సోమవారం మెట్టు కడిగేది ఆమె ఒక్కతే. మొగుడు పోయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు, ఆ మెట్టు మీద అడుగుపెట్టే వాళ్లే తక్కువ. అయినా అది మెరవాల్సిందే.

"ఏంటే, ఇవాళ కొలువు లేదా? తరిమేశారా?" అంది తలెత్తకుండానే.

"ఎడమ చేత్తో రుద్దుతున్నావేం?"

"కుడిది సెలవు పెట్టింది."

"ఆల్మా, లే."

"సగం కడిగి లేవమంటావేం? మరకలు కట్టదూ?"

"మెట్టు నా నెత్తిన కొట్టు. ఆ రోజు మా వంటింట్లో నాకేం చెప్పావే?"

బ్రష్షు ఆగింది. ఆల్మా మెల్లిగా మడమల మీదికి వాలి, ఎడమ చేత్తోనే మొహం మీది జుట్టు తోసుకుంది. ఎంత చిక్కిపోయిందో అప్పుడు కనబడింది హెట్టీకి.

"చెప్పాల్సింది చెప్పాను. నువ్వు చక్కెర కావాలా అన్నావు."

"నేను చూళ్లేదే! టీ పోస్తున్నాను. తల వంచుకుని ఉన్నాను."

"ఆరు మగ్గాలు ఒక్క చూపులో చూసేదానివి. ఎదురుగా కూర్చున్న దాన్ని చూళ్లేకపోయావు."

ఆ మాట హెట్టీకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నా కన్ను పట్టకుండా నువ్వెలా మొదలుపెట్టావే, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, సిగ్గుతో అక్కడే చచ్చిపోయింది. తప్పు తనది. ఇరవై తొమ్మిదేళ్లు పక్కన నిలబడ్డ మనిషి ప్రాణం మీది సంగతి చెబుతుంటే తను చక్కెర డబ్బా వెతుక్కుంది.

"సరే, ఇప్పుడు చూస్తున్నాగా. చెప్పు."

ఎదురింటావిడ చెత్తబుట్ట పట్టుకుని బయటికొచ్చింది. ఆల్మా ఆవిడ వంక ఒకసారి చూసి, హెట్టీ వైపు తిరిగి, పెదవులతో చెప్పింది. కుడి చంక కింద. రొమ్ము పక్కన. గడ్డ. నవంబరులో శనగ గింజంత ఉండేది. ఇప్పుడు గోలీకాయంత. బట్ట తగిలినా లాగుతోంది.

"నవంబరా!" హెట్టీ గొంతు వీధి ఆ చివరికి వినబడింది.

"మెల్లిగా. ఆవిడ వింటోంది."

"విననీ! నవంబరు నుంచి ఏం చేస్తున్నావే నువ్వు?"

"క్రిస్మస్ వచ్చింది కదే. పండగ పూట ఎవరు వెళ్తారు? తరవాత మంచు పడింది. తరవాత మరీ ఆలస్యం చేశావని డాక్టరు తిడతాడేమోనని..."

"డాక్టరు తిడతాడని డాక్టరు దగ్గరికి వెళ్లలేదు."

"నువ్వు అలా అంటే బాగోదు గానీ, అంతే."

హెట్టీకి ఆమెను ఆ బకెట్టులో ముంచి తియ్యాలనిపించింది. పళ్ల నొప్పికి కూడా ఊరి గుమ్మాలన్నీ ఎక్కి దిగే మనుషులున్న ఈ లోకంలో, ఈమె ఐదు నెలల నుంచి గడ్డను చంకలో పెట్టుకుని మెట్లు కడుగుతోంది. అరవాలో ఏడవాలో తెలియక, హెట్టీ ఆమె చేతిలో బ్రష్షు లాక్కుని మిగతా సగం మెట్టు తనే పరపరా రుద్దేసింది. రుద్దుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. ఆల్మా గడపకు ఆనుకుని, "ఆ మూల వదిలేశావు," అంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గర ఇంకో తంతు. కుర్రాడు, కొత్తగా వచ్చాడు, ఎక్కడ నొప్పి అని మర్యాదగానే అడిగాడు. ఆల్మా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని పెదవులు కదిపింది. "క్షమించండి?" అన్నాడు. మళ్లీ కదిపింది. అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆల్మా హెట్టీ వైపు తిరిగి, నువ్వు చెప్పవే అని పెదవులతోనే అడిగింది.

"నేను చెప్పను. నీ ఒళ్లు, నీ నోరు. గొంతుతో చెప్పు."

గొంతుతో చెప్పడమంటే నేతగత్తెలకు ఒకటే మోతాదు. ఆల్మా కళ్లు మూసుకుని ఒక్క ఊపున చెప్పేసింది. బయట బెంచీల మీద కూర్చున్న పదకొండు మందికీ ఆమె కుడి రొమ్ము సంగతి తెలిసిపోయింది. బయటికొస్తుంటే ఒక ముసలాయన టోపీ తీశాడు.

డాక్టరు అప్పుడే ఆసుపత్రికి ఫోను చేస్తే, ఆ వారంలోనే రమ్మన్నారు. ఆపరేషన్ రోజు కూడా చెప్పేశారు.

* * *

బుధవారం హెట్టీ మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. చీటీ అక్కడే ఉంది. ఈసారీ వెస్ట్‌కాట్ పిలవకుండానే వచ్చి, చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు కోపంగా వెళ్లారు."

"మీ మీద కాదు నాయనా. మీ మీద కూడా అనుకోండి, కానీ అంతా మీ మీద కాదు." ఆమె చీటీ తీసుకుని, మూడో గడిలో అడ్డంగా ఒక గీత గీసి ఆయన చేతికిచ్చింది. "ఇది ఖాళీగానే పోవాలి. ఆవిడ చెప్పింది. కానీ మీ యంత్రానికి చెప్పలేదు."

"చెప్పారా? టేపు మీద మౌనమే ఉంది కదండీ."

అప్పుడు హెట్టీ మీమా సంగతి చెప్పింది. ఆయన మొదట నవ్వుతూ విన్నాడు. తరవాత నవ్వు మానేశాడు. తరవాత నెమ్మదిగా తల తిప్పి గోడ పొడవునా అరల్లో వరసగా పేర్చిన టేపుల వైపు చూశాడు. మూడేళ్ల పని. రెండు వందల గంటలు.

"వీటన్నిట్లో... మౌనం అని రాసిన చోటల్లా..."

"చోటల్లా కాదులెండి. కొన్నిచోట్ల నిజంగానే టీ తాగి ఉంటారు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అసలు మాటలన్నీ తన వేళ్ల సందుల్లోంచి జారిపోయాయని తెలిసిన మనిషి మొహం అది. హెట్టీకి జాలేసింది. మూడు నెలలుగా ఆయన ఎర్ర పెన్సిలు దెబ్బలు తిన్న మనిషికి ఆ జాలిలో కొంచెం సంతోషం కూడా ఉంది, లేదనడం అబద్ధం.

"మిసెస్ షాకిల్టన్‌కు ఎలా ఉంది?" అన్నాడు కాసేపటికి. మొదటిసారి ఆయన ఒక వాక్యంలో మనిషి గురించి అడిగాడు. మీరు తోక కోసం అంతగా పీడించకపోతే ఆ టిక్కులు తను వినేది కాదని హెట్టీ చెబుదామనుకుంది. చెబితే నెత్తికెక్కుతాడని మానేసింది. "వచ్చే వారం కోస్తారు," అంది. "అప్పట్నుంచి కొన్నాళ్లు నేను రాను, సెలవు రాసుకోండి."

* * *

తప్పు చేశానన్న బాధ హెట్టీని గాడిదలా పనిచేయించింది. ఆల్మా కోసం కొత్త రాత్రి గౌనులు రెండు కుట్టింది, ఇస్త్రీ చేసింది. ఆసుపత్రి టీ తాగలేనంటే ఫ్లాస్కుతో తీసుకెళ్లింది. ఇంటికెళ్లి మొక్కలకు నీళ్లు పోసింది, సోమవారం మెట్టు కడిగింది, ఈసారి ఆ మూల కూడా వదల్లేదు. ఆపరేషన్ అయ్యాక ఆల్మాకు తేరుకోవడం కంటే ముందు నోరు వచ్చింది. దిండు ఎత్తు చాలలేదు, అరటిపళ్లు పచ్చిగా ఉన్నాయి, ఆ గౌను మెడ బిగుతు. హెట్టీ ఏమన్నా ఎదురు చెప్పబోతే చాలు, "అవున్లే, చక్కెర కావాలా అన్నదానివి," అనేది. హెట్టీ వెళ్లి అరటిపళ్లు మార్చి తెచ్చేది.

ఆసుపత్రిలో రెండో గురువారం పెద్ద సర్జను వచ్చి, గడ్డ మొత్తం వచ్చేసిందనీ, చంకలోకి పాకినట్టు కనబడలేదనీ, ఇంకొన్ని నెలలు ఆలస్యమైతే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదనీ చెప్పాడు. అది విన్నాక ఆల్మా చాలాసేపు ఏ వంకా పెట్టలేదు. దుప్పటి అంచును వేళ్లతో సవరిస్తూ, నేత చూస్తున్నట్టు చూస్తూ పడుకుంది. హెట్టీ తను తెచ్చిన బఠాణీల డబ్బా మూత తీసి పక్కన పెట్టింది, వెనిగర్ వాసనకు పక్క మంచం ఆవిడ ముక్కు చిట్లించింది.

నాలుగింటికి సిస్టర్ గంట కొట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్లు బయటికి వెళ్లాలి. అది పొడవాటి వార్డు, ఇటు పది మంచాలు అటు పది. ఆల్మాది ఆ చివర కిటికీ దగ్గర. హెట్టీ సంచి సర్దుకుని, మిగతా జనంతో పాటు తలుపు దాకా నడిచింది. అలవాటుగా వెనక్కి తిరిగి చూసింది.

ఆల్మా దిండ్ల మీద లేచి కూర్చుని ఎడమ చేత్తో చేతిరుమాలు ఊపుతోంది. హెట్టీ కన్ను పట్టింది. పట్టిందని తెలిశాక రుమాలు దించింది. అప్పుడు ఇరవై మంచాల పొడవునా, నర్సుల మధ్య నుంచి, జనం తలల మీద నుంచి, మొహం మొత్తంతో మొదలుపెట్టింది.

ఆ రోజు. నువ్వు. తల వంచాకే. చెప్పాను.

హెట్టీకి మొదట అర్థం కాలేదు. ఏంటీ, అని కనుబొమలు ఎగరేసింది.

నువ్వు టీ పోసేదాకా ఆగాను. అప్పుడు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఎవరికీ తెలియకూడదు.

ఆల్మా పెదవులు అక్కడ ఆగాయి. కింది పళ్లు సర్దుకుంది.

హెట్టీ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. కన్ను పట్టకుండా ఎలా మొదలుపెట్టావే అన్న ప్రశ్న, ఆ మెట్టు దగ్గర మింగేసింది, ఇప్పుడు జవాబు తెచ్చుకుని లేచింది. ఇరవై తొమ్మిదేళ్ల నేతగత్తె చూడని మనిషికి చెప్పదు, చూడకూడదనుకుంటే తప్ప. రెండు వారాలుగా కుమిలిపోయింది తను. గౌనులు కుట్టింది. అరటిపళ్లు మూడుసార్లు మార్చింది. చక్కెర, చక్కెర అని ఈ మహాతల్లి పొడిచినప్పుడల్లా తల దించుకుంది. ఒళ్లంతా మంట పుట్టింది. దాని కింద ఇంకేదో ఉంది, అది ఆ వంటింట్లో వంచిన తన తల వైపు, తన తెల్ల పాపిట వైపు, చంక కింద చావు పెట్టుకుని ఒక్కతే పెదవులు కదుపుతున్న మనిషి.

గంట మళ్లీ కొట్టారు. హెట్టీ బయటికి వెళ్లలేదు. జనానికి ఎదురు తిరిగి, సంచి మోచేతికి వేలాడుతూ, వార్డు పొడవునా వెనక్కి నడిచింది. "అమ్మా, సమయం అయిపోయింది," అని సిస్టర్ వెంటపడింది. హెట్టీ వినలేదు. సగం చెవిటితనం అప్పుడప్పుడూ పనికొస్తుంది. తిన్నగా కిటికీ దగ్గరి మంచం దాకా వెళ్లి, గొంతుతో, వార్డు మొత్తానికి వినబడేలా అంది:

"ఇంకోసారి నాకేమన్నా చెప్పాలనుకుంటే, నా కళ్లలోకి చూసి చెప్పవే దిక్కుమాలినదానా!"

ఆల్మా తలెత్తి చూసింది. రుమాలు ఇంకా చేతిలోనే ఉంది.

"ఇప్పుడు చూసే చెప్పాగా," అంది, గొంతుతోనే.